మూడో ఓనరు చేతిలో టీటీ

హంగేరీలో గ్యోర్ అనే ఊరుంది. రాబా నది వచ్చి డాన్యూబ్ పాయలో కలిసే చోటు అది. 2023 నవంబర్‌లో అక్కడి ఆడి ఫ్యాక్టరీలో చివరి టీటీ కారు లైను దిగింది. పాతికేళ్లలో, మూడు తరాల్లో తయారైన టీటీలు మొత్తం 6,62,762. ఆ పేరు మోయడానికి వారసుణ్ణి తయారుచెయ్యకుండానే కంపెనీ ఆ లైను ఆపేసింది.

ఆ రోజు నుంచి టీటీ కావాలనుకున్న మనిషికి మిగిలింది ఒకే దారి, సెకండ్ హ్యాండ్. ఈ గాథను నేను ఆ దారిలో నిలబడ్డ మనిషి వైపు నుంచే చెబుతాను. ఎందుకంటే టీటీ పతనం గ్యోర్‌లో మొదలవలేదు. అంతకు చాలా ఏళ్ల ముందే, మూడో ఓనర్ల ఇళ్ల ముందు, నాలుగో ఓనర్లు తీసుకెళ్లిన చిన్న చిన్న గ్యారేజీల్లో మొదలైంది. దాన్ని అందరికంటే ఎక్కువగా ప్రేమించినవాళ్లు వాళ్లే. దాన్ని బతికించుకునే స్తోమత అందరికంటే తక్కువగా ఉన్నదీ వాళ్లకే.

టీటీ పుట్టేనాటికి ఆడి ఎక్కడుందో గుర్తు చేసుకోవాలి. జర్మనీలో హోదా చూపించుకోవాలంటే మెర్సిడెస్, కుర్రతనం చూపించుకోవాలంటే బీఎండబ్ల్యూ. ఆడి అంటే ఇంజినీర్లు మెచ్చుకునే కారు. నాలుగు చక్రాలూ లాగే క్వాట్రోతో ర్యాలీలు గెలిచింది, మంచు రోడ్ల మీద దాని పట్టు చూసి అందరూ గౌరవించారు. వీధిలో పోతుంటే జనం ఆగి చూసే కారు మాత్రం దాని దగ్గర లేదు. 1995లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో తెర తీసినప్పుడు అక్కడ కనిపించింది ఆ లోటు తీర్చే వెండి రంగు కూపే. పైకప్పు ఒక వంపు. ముందు చక్రం మీద ఒక వంపు, వెనక చక్రం మీద ఇంకో వంపు. అంతకు మించి గీతలు లేవు. అదే ఏడాది టోక్యో షోలో దాని ఓపెన్ టాప్ తమ్ముణ్ణి చూపించారు.

ఫ్రీమన్ థామస్, జె మేస్ అనే ఇద్దరు అమెరికన్ల ఆలోచన అది. అంతకుముందు ఈ ఇద్దరే ఫోక్స్‌వ్యాగన్ కోసం కొత్త బీటిల్ రూపం గీశారు. వాళ్లతోపాటు పీటర్ ష్రేయర్ ఉన్నాడు. తర్వాతి కాలంలో కియా కంపెనీకి వెళ్లి దాని ముఖాన్నే మార్చేసినవాడు. లోపలి భాగం రోములస్ రోస్ట్ చేతి పని. గుండ్రని గాలి గొట్టాల చుట్టూ అల్యూమినియం కడియాలు, మధ్య కన్సోల్‌ను రెండు వైపులా పట్టుకున్న అల్యూమినియం కమ్మీలు. బయట, మరలు పైకి కనిపించేలా బిగించిన పెట్రోలు మూత. రోడ్‌స్టర్‌లో అయితే, కోరుకున్నవాళ్లకు, తోలు సీట్లకు బేస్‌బాల్ ఆటగాడి చేతి తొడుగు మీద ఉండేలాంటి లావు కుట్లు వేశారు. చెయ్యి పెట్టిన ప్రతి చోటా చల్లటి లోహమో, దళసరి తోలో తగిలేది. అప్పటికి అంత ధరలో ఏ కారులోనూ అలాంటి శ్రద్ధ లేదు. ఇప్పుడు కోటి రూపాయల కార్లలో కూడా వేలి ముద్రలు పడ్డ నల్లటి ప్లాస్టిక్ పలకలు చూసినప్పుడల్లా ఆ కడియాలే గుర్తొస్తాయి నాకు.

పేరు ఇంకా పాతది. ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో 1907 నుంచి జరుగుతున్న టూరిస్ట్ ట్రోఫీ మోటార్ సైకిల్ పందెం పేరు అది. ఆడి వంశంలో కలిసిపోయిన డీకేడబ్ల్యూ, ఎన్ఎస్‌యూ కంపెనీలు ఆ పందెంలో బళ్లు నడిపాయి. 1960ల్లో ఎన్ఎస్‌యూ తన చిన్న కారుకు టీటీ అనే రెండక్షరాలు తగిలించింది. ఆ పేరే ఇక్కడికి చేరింది.

షోలో చూపించిన అందం అమ్మకానికొచ్చేసరికి అరిగిపోవడం కార్ల లోకంలో మామూలు. టీటీకి అలా జరగలేదు. టోర్‌స్టెన్ వెంట్‌సెల్ దాన్ని ఫ్యాక్టరీ కారుగా మార్చినప్పుడు చేర్చిన ముఖ్యమైన మార్పు తలుపు వెనక చిన్న అద్దం. 1998లో కూపే వచ్చింది, 1999లో రోడ్‌స్టర్. బాడీ జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో తయారై, రంగు వేయించుకుని, రైలెక్కి గ్యోర్ చేరేది. ఇంజినూ చక్రాలూ సీట్లూ అక్కడ బిగించేవాళ్లు. కమ్యూనిస్టు పాలన ముగిసి పదేళ్లు కూడా నిండని దేశంలో, ఇంజిన్లు చెయ్యడానికి 1993లో మొదలైన ఫ్యాక్టరీ, యూరప్‌లోకెల్లా అందమైన చిన్న కారును ప్రపంచానికి పంపడం మొదలుపెట్టింది.

అవి ఇలాంటి కార్లకు మంచి రోజులు. 1989లో మాజ్దా తెచ్చిన చిన్న ఎంఎక్స్-5 కారు, ఓపెన్ టాప్ రెండు సీట్ల కారును జనం ఇంకా మరిచిపోలేదని నిరూపించింది. దాంతో జర్మన్లు కదిలారు. బీఎండబ్ల్యూ జడ్3 వచ్చింది. 1996లో మెర్సిడెస్ ఎస్ఎల్‌కే వచ్చింది, ఇరవై అయిదు సెకన్లలో ఇనప పైకప్పు మడిచి డిక్కీలో దాచుకునేది. అదే ఏడాది పోర్షా బాక్‌స్టర్ వచ్చింది, నష్టాల్లో మునిగిన పోర్షాను ఒడ్డున పడేసింది. వీటి సరసన టీటీ చేరింది. పెద్ద జీతం తీసుకునే ఉద్యోగి, సొంతానికి ఒక క్లినిక్ ఉన్న డాక్టరు, పిల్లలు పెద్దవాళ్లై ఇల్లు ఖాళీ అయిన దంపతులు అందుకోగలిగినంత దూరంలో అవి నిలబడ్డాయి. ఫెరారీ కలలు కనే వీధికీ ఫెరారీ కొనే వీధికీ మధ్య ఒక ఊరు వెలిసినట్టయింది.

టీటీ మొదటి దెబ్బ తిన్నది ఏడాది తిరిగేలోపే. 1999లో జర్మనీ ఆటోబాన్ల మీద వరసగా ప్రమాదాలు జరిగాయి. గంటకు 180 కిలోమీటర్లు దాటిన వేగంలో ఒక్కసారిగా లేన్ మారినా, మలుపులో యాక్సిలరేటర్ వదిలేసినా వెనక చక్రాలు పట్టు తప్పేవి. ప్రాణాలు పోయాయి. అందరూ మెచ్చుకున్న ఆ గుండ్రటి వీపే గాలిని అలా జార్చి, ఆ వేగంలో కారు వెనక భాగాన్ని పైకి తేల్చేదని తేలింది. కంపెనీ కార్లన్నిటినీ వెనక్కి పిలిచింది. డిక్కీ మీద చిన్న రెక్క బిగించింది. సస్పెన్షన్ మార్చింది. కారు అదుపు తప్పబోతే విడి విడిగా చక్రాలకు బ్రేకు వేసే ఈఎస్‌పీ అమర్చింది. ఆ తర్వాత ఫ్యాక్టరీ దాటిన మొదటి తరం టీటీలన్నిటికీ ఆ రెక్క ఉంది. రూపం చెడుతుందని ఆ రెక్క వద్దన్న ఓనర్లూ ఉన్నారు. నేను వాళ్లను సమర్థించలేను. గీసినవాళ్ల గీత ఎంత పవిత్రమైనా, దాని వల్ల ఒక ఇంట్లో మనిషి తిరిగి రాకపోతే అది మారాల్సిందే. కానీ రెక్క లేని తొలినాటి టీటీని పక్కనుంచి చూసినప్పుడు గుండెలో కలుక్కుమంటుంది, అదీ నిజమే.

ఆ దెబ్బ నుంచి అది లేచింది. 2006 వరకు నడిచిన మొదటి తరంలో కూపేలు 1,78,765, రోడ్‌స్టర్లు 90,733 తయారయ్యాయి. 1.8 లీటర్ల టర్బో ఇంజిన్‌లో 180 గుర్రాల బలం ఒకటి, 225 ఇంకొకటి. 2003లో ఆరు సిలిండర్ల 3.2 లీటర్ల ఇంజిన్ వచ్చింది. దాంతోపాటు రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్ వచ్చింది. ఇవాళ మన ఊళ్లో నడిచే చాలా ఆటోమేటిక్ కార్లలో ఉన్న ఆ రకం గేర్‌బాక్స్‌ను మామూలు మనిషి కొనుక్కోగలిగేలా తెచ్చిన మొదటి కార్లలో టీటీ ఒకటి.

ఇక రెండో జీవితం.

ఇలాంటి కారు మొదటి ఓనరు దగ్గర మూడేళ్లుంటుంది. చాలావరకు లీజు మీద. నెలనెలా కట్టాల్సింది కట్టి, గడువు తీరగానే తాళాలు తిరిగిచ్చేసి ఇంకో కొత్త కారెక్కుతాడు. రెండో ఓనరు దాన్ని వారంటీ చివరి రోజుల్లో కొంటాడు, జాగ్రత్తగా చూసుకుంటాడు, పెద్ద సర్వీసు బిల్లు రాకముందే అమ్మేస్తాడు. అసలు కథ మూడో ఓనరుతో మొదలవుతుంది. కుర్రతనంలో పత్రికలో ఆ కారు బొమ్మ చూసి దాచుకున్నవాడు అతను. పదేళ్లు ఎదురుచూశాడు. ధర పడిపోతూ పడిపోతూ చివరికి తన చేతికి అందేంత కిందికి వచ్చింది. అతను చూడనిది ఒకటుంది. కారు ధర పడిపోయింది గానీ, దాని విడిభాగాల ధర అలాగే ఉంది. గ్యారేజీ కూలీ పెరిగింది. ఏనుగును చవగ్గా అమ్మారని తోలుకొస్తే అది చవగ్గా తినదు.

టీటీ విషయంలో ఆ మేత ఏమిటో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ కొనేవాళ్లున్నారు. 1.8 టర్బో ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు ప్రాణం. దాంతోపాటు తిరిగే టెన్షనర్, వాటర్ పంపు కూడా. ఆ పంపు లోపల తిరిగే రెక్కల చక్రం చాలా కార్లలో ప్లాస్టిక్‌ది. అది విరిగితే నీళ్లు తిరగక ఇంజిన్ వేడెక్కుతుంది. పంపు బిగుసుకుపోయినా, టెన్షనర్ వదులైనా బెల్టు జారుతుంది, బెల్టు తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి. ఒక్క నిమిషంలో ఇంజిన్ పోతుంది. అందుకే కిలోమీటర్లు తక్కువ తిరిగిన కారు అని సంబరపడకూడదు. ఏళ్లు గడిచినా రబ్బరు పాడవుతుంది. బెల్టు, టెన్షనర్, పంపు మూడూ కలిపి ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే, మార్చలేదనే లెక్క వేసుకోవాలి, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించాలి.

తర్వాత స్పీడోమీటరు పలక. మధ్యలో ఉండే చిన్న తెర మీది అక్షరాలు చెరిగిపోతాయి, పెట్రోలు ముల్లు అబద్ధం చెబుతుంది, ఉష్ణోగ్రత ముల్లు ఉన్నట్టుండి చివరికి ఎగురుతుంది. దీని మీద అమెరికాలో ఓనర్లు కలిసి కోర్టుకెళ్లారు, రాజీ కుదిరింది. నాలుగు చక్రాలూ లాగే కార్లలో వెనక ఇరుసు దగ్గర హాల్డెక్స్ అనే క్లచ్ ఉంటుంది. దానికి వేరే నూనె, వేరే ఫిల్టరు. సుమారు ముప్పై వేల కిలోమీటర్లకోసారి మార్చాల్సిన నూనెను మార్చకపోయినా కారు ఆగదు, చప్పుడు చేయదు. వెనక చక్రాలు సాయం చెయ్యడం మాత్రం మానేస్తాయి. చాలామంది ఓనర్లు పేరుకు క్వాట్రో నడుపుతూ, నిజానికి ముందు చక్రాల కారు నడుపుతున్నారు. దీన్ని పరీక్షించాలంటే జారే నేల మీద ఆగి, ఒక్కసారిగా కదిలి చూడాలి. ముందు చక్రాలు గిర్రున తిరిగి కారు తడబడితే వెనకది పని చెయ్యట్లేదు.

ఇగ్నిషన్ కాయిళ్లు, తలుపు అద్దాలు దించే మీటలు, విరిగే స్ప్రింగులు, ఇవన్నీ చిన్నవి. ఒక్కొక్కటీ భరించదగ్గదే. ఒకే ఏడాదిలో అన్నీ కలిసి వచ్చినప్పుడు మూడో ఓనరు గుండె జారిపోతుంది. అప్పుడతను కారు అమ్మకానికి పెడతాడు, అన్నీ బాగానే ఉన్నాయని చెబుతాడు. నాలుగో ఓనరు ఆ మాటను, ఆ ధరనూ నమ్మి కొంటాడు.

మంచి చేతిలోంచి మంచి చేతికి వెళ్లిన కార్లూ ఉన్నాయి. కొన్నేళ్ల కిందట న్యూజెర్సీలో ఉద్యోగం చేసే మా అన్నయ్య కొడుకు ఓ రాత్రి ఫోన్ చేశాడు.

“బాబాయ్, ఇక్కడొక టీటీ రోడ్‌స్టర్ ఉంది. మన దగ్గర కొత్త స్విఫ్ట్ ధర కూడా కాదు.”

“ఎన్నో ఓనర్‌రా?”

“మూడో ఆయన అమ్ముతున్నాడు. స్కూలు టీచర్‌గా చేసి రిటైర్ అయ్యాడట. బిల్లులన్నీ ఉన్నాయి. బెల్టు, పంపు కలిపి మార్చింది కూడా చూశాను.”

“ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేశావా?”

“నేను వెళ్లేసరికే వేడిగా ఉంది బాబాయ్.”

“అయితే రేపు పొద్దున్నే చెప్పకుండా వెళ్లు. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. చల్లగా ఉంటేనే తాళం తిప్పమను. శబ్దం రికార్డు చేసి నాకు పంపు.”

పంపించాడు. గలగల ఏమీ లేదు, మెత్తగా అందుకుంది. కొన్నాడు. ఆ టీచరు బిల్లులన్నీ తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టి ఇచ్చాడట. కారు కొన్న రోజు నుంచి పోసిన పెట్రోలు లెక్క కూడా అందులో రాసి ఉంది. మావాడు కొన్ని శరత్కాలాలు హడ్సన్ నది పక్క రోడ్ల మీద, ఆకులు ఎర్రబడ్డ కొండల మధ్య, టాప్ దించుకుని తిరిగాడు. పెళ్లయ్యాక కోడల్ని తిప్పాడు. ఒక్కసారి కూడా కారు వాణ్ణి రోడ్డు మీద నిలబెట్టలేదు. ఆ తర్వాత పాప పుట్టింది. రెండే సీట్లు. పాపను కూర్చోబెట్టే సీటు పెట్టాలంటే చోటు లేదు. ఇంట్లో రెండో కారు పెట్టుకునే వీలు లేదు.

“అమ్మేశాను బాబాయ్” అన్నాడు ఒక రోజు.

“ఫైలు కూడా ఇచ్చావా?”

“ఇచ్చాను. ఆయన కనీసం తెరిచి చూడలేదు. సీటు మీద పడేసి వెళ్లిపోయాడు.”

వాడు అంతకు మించి ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ టీచరు గుర్తొచ్చాడు, నేనెన్నడూ చూడని మనిషి. ఒక యంత్రాన్ని ఇంత ఓపికగా చూసుకున్నవాడి లెక్కలన్నీ ఎవరి చేతిలో పడ్డాయో.

టీటీ తోటివాళ్లూ ఇదే దారిన పోయారు. బాక్‌స్టర్ ఇంజిన్ లోపల ఐఎంఎస్ అనే ఇరుసుకు ఒక బేరింగు ఉంటుంది. అరచేతిలో ఇమిడే వస్తువు. అది పగిలితే ఇంజిన్ మొత్తం పోతుంది, కారు విలువ కంటే ఇంజిన్ ఖర్చే ఎక్కువ. ఆ భయం పాకి మంచి బాక్‌స్టర్ల ధరలు కూడా పడిపోయాయి. 2001 నుంచి 2005 వరకు వచ్చిన మోడళ్ల మీద అమెరికాలో దావా నడిచి 2013లో రాజీ జరిగింది. బీఎండబ్ల్యూ మొదటి జడ్4లో పైకప్పు నడిపే మోటారును నీళ్లు దిగే మూల కింద పెట్టారు. చెట్టు కింద ఆపే అలవాటున్న ఓనరుకు ఆకులు పడి నీటి దారి పూడుకుపోతుంది, మోటారు మునిగిపోతుంది. ఎస్ఎల్‌కే పైకప్పు గొట్టాల్లోంచి నూనె కారుతుంది. ఓపెన్ టాప్ కారు కొనేటప్పుడు వాన పడుతున్న రోజు వెళ్లి చూడమని నేను అందరికీ చెబుతాను. ఎండలో అన్ని కప్పులూ బాగానే ఉంటాయి.

మన దేశంలో ఈ కథ ఇంకా చిన్నది, ఇంకా బరువైనది. మూడో తరం టీటీ 2015లో ఇండియాకు వచ్చింది, ఢిల్లీ ఎక్స్ షోరూమ్ ధర 60.34 లక్షలు. మరుసటి ఏడాది మెర్సిడెస్ ఎస్ఎల్‌సీ 43 అనే రోడ్‌స్టర్ 77.5 లక్షలకు తెచ్చింది. పూర్తిగా తయారై ఓడలో వచ్చే కార్లు, వాటి ధరలో దిగుమతి సుంకం పెద్ద వాటా. అదే డబ్బుకు ఇంటిల్లిపాదీ కూర్చునే ఎత్తయిన పెద్ద కారు దొరుకుతుంటే, నలుగురు ఎక్కలేని, స్పీడ్ బ్రేకరు దాటాలంటే గుండె దడదడలాడే కారు ఎవరు కొంటారు? కొన్నవాళ్లు కొద్దిమంది. ఆ కొద్ది కార్లే ఇప్పుడు హైదరాబాద్‌లో, బెంగళూరులో చేతులు మారుతున్నాయి. వేరే రాష్ట్రం నంబరైతే ఎన్ఓసీ, మళ్లీ ఇక్కడ లైఫ్ ట్యాక్స్. పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీ మళ్లీ పొడిగించుకోవాలి. తలుపు అద్దం పగిలితే అది జర్మనీ నుంచి రావాలి. లోపలి ఎముకలు గోల్ఫ్, స్కోడా ఆక్టేవియా వంశానివే కాబట్టి ఇంజిన్, బ్రేకులు, సస్పెన్షన్ చూడగలిగిన మెకానిక్కులు మన ఊళ్లలో ఉన్నారు. బయటి రేకు, దీపాలు, అద్దాలు మాత్రం టీటీవి తప్ప ఇంకే కారువీ సరిపోవు. ఇక్కడ కొనేవాళ్లు ఇంజిన్ కంటే ముందు చూడాల్సింది వాటినే. బంపరుకు సొట్ట, దీపంలో చెమ్మ, అద్దంలో నెర్రె ఉంటే, ఆ వస్తువు ఎంతకు వస్తుందో, ఎన్ని నెలలకు వస్తుందో తెలుసుకున్నాకే బేరం మొదలుపెట్టాలి.

ఈ లోపు టీటీ కొత్త కార్లు ఏమయ్యాయి? రెండో తరం 2006లో వచ్చింది. బాడీ బరువులో 69 శాతం అల్యూమినియం. 2009లో అయిదు సిలిండర్ల టీటీ ఆర్ఎస్ 340 గుర్రాల బలంతో వచ్చింది, ఆ ఇంజిన్ పాట విన్నవాళ్లు ఇప్పటికీ మరచిపోలేదు. 2014లో వచ్చిన మూడో తరంలో స్పీడోమీటరు, పటం, పాటలు అన్నీ ఒకే తెర మీద డ్రైవరు ముందు నిలిపారు. ఏసీ మీటలను గాలి గొట్టాల నడిమధ్యలోనే పెట్టారు, అంత చక్కటి ఆలోచన ఆ తర్వాత ఎవరూ చేయలేదని నా అభిప్రాయం. నడపడంలో మొదటి తరం కంటే ఈ రెండూ అన్ని విధాలా మెరుగు. అయినా లెక్క చూడండి. మొదటి తరం ఎనిమిదేళ్లలో 2,69,498. మిగతా రెండు తరాలూ కలిపి పదిహేడేళ్లలో 3,93,264. ఏడాదికి ముప్పై మూడు వేలు దాటిన కారు ఇరవై మూడు వేలకు దిగింది.

ఎందుకు దిగిందంటే చాలామంది ఎత్తయిన ఎస్‌యూవీల పేరు చెబుతారు. అది నిజం. 2008 ఆర్థిక సంక్షోభంలో సరదా కారే ముందు రద్దయింది, అదీ నిజం. నేను ఇంకొకటి చేరుస్తాను. టీటీని కోరుకునేవాళ్లు తగ్గలేదు. వాళ్లు పాత టీటీల దగ్గరికి వెళ్లారు. కొత్తదానిలో ఐదో వంతు ధరకు అదే రూపం, అదే అల్యూమినియం కడియం దొరుకుతున్నప్పుడు, కుర్రవాడు షోరూముకు ఎందుకు వెళతాడు? కంపెనీ లెక్క పుస్తకంలో ఆ కుర్రవాడికి చోటు లేదు. అతను టీటీ కోసం పదేళ్లు ఎదురుచూసినా, జీతంలో సగం దాని మీద పోసినా, ఇంగోల్‌స్టాట్‌లో కూర్చున్నవాళ్లకు అది సున్నా. వాళ్లకు తెలిసింది మొదటి ఓనరు సంతకం ఒక్కటే. అందుకే రోడ్ల మీద వేల మంది ప్రేమిస్తున్న కారు, కాగితం మీద ఎవరికీ అక్కర్లేని కారుగా తేలింది.

చివరి దెబ్బ బయటి నుంచి వచ్చింది. 2015 సెప్టెంబర్‌లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ మోసం బయటపడింది. పొగ పరీక్షను మోసగించే సాఫ్ట్‌వేర్ పెట్టారని అమెరికా పర్యావరణ సంస్థ నోటీసు ఇచ్చింది. జరిమానాలు, పరిహారాలు, కోర్టు ఖర్చులు కలిసి ఆ గ్రూపుకు మూడు వేల కోట్ల యూరోలకు పైగా ఖర్చయ్యాయి. ఆడి అధిపతి రూపర్ట్ స్టాడ్లర్ 2018లో అరెస్టయ్యాడు. తర్వాత వచ్చిన బ్రామ్ షాట్ 2019 మేలో వాటాదార్ల సభలో లెక్కలు విప్పాడు. ఉన్న డబ్బంతా ఎలక్ట్రిక్ కార్ల వైపు వెళ్లాలి. టీటీకి నాలుగో తరం ఉండదు, కొన్నేళ్లలో దాని స్థానంలో మనసుకు నచ్చే ఎలక్ట్రిక్ కారు వస్తుంది అన్నాడు. డీజిల్ ఇంజిన్లలో జరిగిన తప్పుకు, పెట్రోలు రోడ్‌స్టర్ కూడా మూల్యం చెల్లించింది. అంత అన్యాయం ఇంకొకటి ఈ గాథలో లేదు.

మెర్సిడెస్ 2020లోనే ఎస్ఎల్‌సీని ఆపేసింది. 2024లో యూరప్‌లో కొత్త సైబర్ భద్రతా నిబంధనల కారణంగా పెట్రోలు బాక్‌స్టర్ అమ్మకం ఆగిపోయింది. 2025 సెప్టెంబర్‌లో మిలన్‌లో ఆడి రెండు సీట్ల ఎలక్ట్రిక్ కారు నమూనా చూపించింది, కాన్సెప్ట్ సి అని పేరు. దాని వంపుల్లో టీటీ పోలికలున్నాయని చూసినవాళ్లు చాలామంది అన్నారు. అది అమ్మకానికి వచ్చి, మొదటి ఓనరు లీజు తీరి, రెండో ఓనరు అమ్మేసి, మూడో ఓనరు చేతికి వచ్చేసరికి ఇవాళ్టి ఇంటర్ పిల్లలకు పెళ్లిళ్లవుతాయి.

ఆ లోగా పాత టీటీలే గతి. వాటి లోకంలో ఇప్పుడు ఒక కొత్త పద్ధతి కనిపిస్తోంది. తన టీటీని వదులుకోలేని ఓనరు ఇంకో టీటీ కొంటున్నాడు, బెల్టు తెగి ఇంజిన్ పోయినదో, వెనక నుంచి గుద్దించుకున్నదో. దాన్ని ఇంటి వెనక పెట్టి ఒక్కొక్కటే విప్పుతాడు. ముందు స్పీడోమీటరు పలక తీసి దాస్తాడు, తర్వాత దీపాలు, తలుపు అద్దాలు, వాటి మీటలు, కప్పు మోటారు, సీట్లు. తనకు అక్కర్లేనివి ఇంకో ఊళ్లో ఉన్న ఇంకో టీటీ ఓనరుకు పంపుతాడు. మిగిలిన బాడీని తుక్కు వాళ్లు తూకం వేసుకుని పట్టుకెళతారు. అలా ఒక కారు విప్పితే రెండు మూడు కార్లు ఇంకో నాలుగేళ్లు నడుస్తాయి.